రంగు వెయ్యని సగం

పోయిన నగలు వెతికిపెట్టమని వచ్చేవాళ్ళున్నారు, చెప్పాపెట్టకుండా పోయిన మొగుణ్ణి పట్టి తెమ్మని వచ్చేవాళ్ళున్నారు. "నాకు మతి పోయిందో లేదో కనుక్కుని చెప్పండి" అంటూ వచ్చిన మనిషిని మాత్రం గుమాస్తా తన ఉద్యోగంలో అదే మొదటిసారి చూడడం.

ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, చేతిసంచీని ఒళ్ళో రెండు చేతులా పట్టుకుని, కుర్చీ అంచు మీద కూర్చుంది. గుమాస్తా తెచ్చిచ్చిన మంచినీళ్ళు సగం తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకుంది.

బల్లకు అవతల కూర్చున్న డిటెక్టివును ఆ వీధిలో అందరూ భూతద్దం అంటారు. ఎదురుగా మేడమ్ అంటారనుకోండి. ఆమె దగ్గర ఏనాడూ భూతద్దం లేదు. ఉన్నదల్లా దళసరి కళ్ళజోడూ, భారీ శరీరమూ, ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినే ఓపికానూ. గుమాస్తా ఒకప్పుడు కోర్టులో నకళ్ళు రాసేవాడు. అక్కడ అందరూ మాట్లాడేవాళ్ళే తప్ప వినేవాళ్ళు కనిపించక, ఉద్యోగం మానేసి ఈమె దగ్గర చేరాడు. భార్య పోయాక అతనికి ఇంటికన్నా ఈ ఆఫీసే నయంగా ఉంది.

"మొదట్నుంచీ చెప్పండమ్మా. తొందరేం లేదు," అంది భూతద్దం.

"టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యానండి. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరిదో ఒక గొంతు చెవిలో ఉండేది. ఇప్పుడు ఇంట్లో నేనూ, గడియారమూ. ఇంకా ఒక బొమ్మ ఉంది. మా నాన్న వేసింది."

తండ్రి ఒక కట్టడాల కంపెనీలో నగిషీలు గీసే మనిషి. ఊళ్ళో ఒక పాత నాటకశాలను పడగొట్టబోతుంటే, వేదిక పైన గోడకున్న గచ్చు నగిషీని చూసి నీటిరంగుల్లో వేసుకున్నాడు. మధ్యలో పూలపాత్ర, అందులోంచి రెండు పక్కలకూ సుళ్ళు తిరుగుతూ పోయే ఆకుల తీగ, తీగ నిండా గులాబీలు. నాటకశాల పోయింది. తండ్రీ పోయాడు. బొమ్మ మిగిలింది.

"రోజూ మధ్యాహ్నం దాని ఎదురుగా కూర్చుంటానండి. నవ్వకండి, అదే నాకు కాలక్షేపం. కొన్నేళ్ళుగా గులాబీలు పాలిపోయినట్టు కనిపించేవి. కంట్లో శుక్లాలు కదా, అందుకేలే అనుకున్నా. పోయిన నెల కుడి కంటికి ఆపరేషన్ చేశారు. పది రోజులు మా మేనల్లుడింట్లో ఉండి తిరిగొచ్చి చూస్తే, గులాబీలు ఎర్రగా వెలిగిపోతున్నాయి. చిన్నప్పుడు చూసిన ఎరుపే! ఆ రోజంతా ఆనందంతో ఏడ్చాను."

"మరి?"

"మర్నాడు తెలిసింది, అది మా నాన్న బొమ్మ కాదని."

గ్లాసులో నీళ్ళు తొణికి చీర మీద పడ్డాయి. గుమాస్తా గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు.

"డాక్టరేమో ఆపరేషనయ్యాక రంగులు మారినట్టే ఉంటాయన్నాడు. ఫ్రేముల షాపాయన చూసి, కాగితం పాతదేనమ్మా, అసలుదే అన్నాడు. మా వాడు, మేనల్లుడు, నన్ను ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు ఇవాళ ఏ వారం, నీ పేరేంటి అని అడిగాడు. వచ్చే సోమవారం నన్ను వృద్ధుల ఆశ్రమంలో చేర్పించడానికి మాట్లాడేశారు. ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటివాళ్ళకి చెప్పేశారు. నాకు మతి పోయుంటే వెళ్తానండి, పేచీ పెట్టను. పోలేదనుకుంటే మాత్రం... చెప్పేవాళ్ళు ఒక్కరైనా కావాలి కదా."

భూతద్దం కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మర్నాడు మీకు ఎలా తెలిసింది? రంగు చూసేనా?"

"కాదు. రంగు వెయ్యని సగం చూసి."

భూతద్దం లేచి గొడుగు తీసుకుంది. ఆమె అంత తొందరగా లేవడం గుమాస్తా చూసి చాలాకాలమైంది.

*

స్టేషనరీ షాపు మీద రెండు గదుల ఇల్లు. ముందుగదిలో పడమటి కిటికీ, దానికి ఎదురుగోడ మీద బొమ్మ, బొమ్మకు ఎదురుగా పక్కపక్కనే రెండు పేము కుర్చీలు. ఒక్క మనిషి ఇంట్లో రెండు కుర్చీలు ఎందుకో అని గుమాస్తా అనుకున్నాడు గానీ అడగలేదు.

బొమ్మను చూశాక అతనికి ఆ అనుమానం కూడా గుర్తులేదు. కాగితానికి ఎడమ సగమే రంగులు. ఆకులు పైకి లేచి, ఒరిగి, కొసల్లో చుట్టుకుపోతున్నాయి. ఇది బల్లపరుపు కాగితమని తెలిసీ వాటి కింద వేలు పెట్టి చూడాలనిపించింది. కుడి సగమంతా ఒట్టి పెన్సిలు గీతలు.

"రెండు వైపులా ఒకటే నగిషీ కదా బాబూ," అంది ఆపరేటరమ్మ. "అందుకని వీళ్ళు ఒక సగానికే రంగు వేస్తారు. రెండోది గీతతో సరిపెడతారు. పనివాళ్ళ పద్ధతి అది. నాకేమో చిన్నప్పుడు ఆ సగం మీదే జాలి. రోజూ కూర్చుని నా కళ్ళతోనే రంగులు వేసేదాన్ని."

"ఆ తెలుపు ఎలా వచ్చిందండీ? ఆకు మీద వెలుగు పడ్డట్టే ఉంది," అన్నాడు గుమాస్తా.

"అక్కడ ఏ రంగూ లేదు. అది ఒట్టి కాగితం. ఎక్కడ వెయ్యకూడదో తెలియడమే పని అనేవాడు నాన్న. నీడలు చూడు. సున్నం తెల్లగా ఉంటుందనుకుంటాం, నీడలో ఊదాగా ఉంటుంది. కింద నించి తిరిగొచ్చిన వెలుతురు తగిలినచోట మళ్ళీ కాస్త పసుపు." అంతదాకా ఉత్సాహంగా చెప్పి, ఆవిడ చటుక్కున ఆగిపోయింది. "ఇవన్నీ దీంట్లోనూ ఉన్నాయి. బాగా వేశాడు, ఎవడో గానీ. కానీ కుడివైపు ఈ తీగ చూడండి. మా నాన్న పెన్సిలు సుడి తిరిగేటప్పుడు పరుగెత్తేది. మొదట్లో నల్లగా ఉండి, చివరకొచ్చేసరికి గాలిలోకి పోయినట్టు పల్చబడేది. ఇది చూడండి. మొదట్నుంచీ చివరిదాకా ఒకేలాగ, భయం భయంగా నడిచింది."

భూతద్దం ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఆపరేషనైన కుడి కన్ను అరచేత్తో మూసుకోమంది. గూట్లో ఉన్న నీలం కూజాను చూపించింది.

"ఇది ఎలా ఉంది?"

"ఎప్పట్లాగే. బూడిదరంగు మసి పట్టినట్టు."

"కుడి కన్ను తెరిచి చూడండి."

"అబ్బ! నీలం. ఆకాశంలా."

"మళ్ళీ మూసుకోండి. ఇప్పుడు బొమ్మ వైపు చూడండి. శుక్లం ఉన్న ఈ ఎడమ కంటితో మీరు పోయిన నెలదాకా చూసిన గులాబీలు ఎలా ఉండేవి?"

"పాలిపోయి... ఎండిన ఉల్లిపొట్టులాగ."

"ఇప్పుడు అదే కంటితో?"

ఆపరేటరమ్మ చాలాసేపు చూసింది. చెయ్యి కంటి మీదే ఉంది. "ఎర్రగా," అంది చివరకు, నమ్మలేనట్టు. "మసకగానే, కానీ ఎర్రగానే ఉన్నాయి."

భూతద్దం గోడ దగ్గరికి నడిచింది. బొమ్మను గోడమీంచి దించి బల్ల మీద బోర్లా పెట్టింది. వెనక అట్ట చుట్టూ గోధుమరంగు కాగితపు పట్టీ అంటించి ఉంది. ఒక మూల వేలితో తట్టి చూసి, గుమాస్తాను తడిగుడ్డ తెమ్మంది. గుడ్డ అద్దిన కాసేపటికి పట్టీ చక్కగా ఊడి వచ్చింది. అట్ట తీసి, బొమ్మకు చట్రంలా ఉన్న మౌంటు అట్టను కాస్త పైకెత్తి, దాని కింద దాగి ఉండే అంచును చూసింది. అక్కడ ఒక గులాబీ సగం అట్ట కింద, సగం బయటా ఉంది. గుమాస్తా కూడా వంగి చూశాడు. అంచుకు లోపలా బయటా ఒకటే ఎరుపు, కాగితానికి ఒకటే గోధుమ వన్నె. అతనికి అందులో వింత ఏమీ కనిపించలేదు.

"ఆపరేషనయ్యాక నాన్నగారి ఎరుపు చూస్తానని ఎవరితోనైనా అన్నారా?" అడిగింది భూతద్దం, అన్నీ యథాప్రకారం సర్దుతూ.

"మాస్టారితో అన్నాను. వినడానికి ఇంకెవరున్నారు? నాన్న దగ్గర పని నేర్చుకున్నాడాయన. తర్వాత బళ్ళో డ్రాయింగు మాస్టారుగా చేశాడు. ప్రతి ఆదివారం వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. ఇద్దరం టీ తాగి, బొమ్మ చూసి, ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు."

"కూర్చునేవాడు అంటున్నారు."

"ఆపరేషనప్పట్నుంచీ రావట్లేదు. మోకాళ్ళ నొప్పులట, మెట్లెక్కలేనని ఫోన్లో చెప్పాడు." ఆవిడ రెండో కుర్చీ వైపు చూడకుండా మాట్లాడింది. "ఒకేసారి అన్నీ పోయినట్టయింది."

"మీరు లేనప్పుడు ఇంటి తాళం ఎవరి దగ్గరుంది?"

"ఒకటి మా వాడి దగ్గర. ఇంకోటి మొక్కలకి నీళ్ళు పొయ్యమని మాస్టారికి ఇచ్చా."

*

మేనల్లుడు బ్యాంకు ఉద్యోగి. మధ్యాహ్నం భోజనం వేళ బ్యాంకు వరండాలో దొరికాడు. డిటెక్టివు అనగానే అతని మొహం మాడిపోయింది.

"మా అత్తయ్య మిమ్మల్ని కూడా కలిసిందా? ఇంక నాకు తల కొట్టేసినట్టే. మీకు తెలీదండీ, రాత్రీ పగలూ ఫోన్లు. 'ఒరే, గీతలు మారాయిరా, గీతలు మారాయిరా' అని. నాకు ఇద్దరు పిల్లలు, మా ఆవిడకి ఒంట్లో బాగుండదు. ఒంటరిగా ఉంటే ఏ గ్యాసో కట్టెయ్యడం మర్చిపోతే?"

"ఎప్పుడైనా మర్చిపోయారా?"

అతను ఆలోచించాడు. "లేదు," అన్నాడు.

"బొమ్మ ఎవరైనా కొంటామన్నారా?"

"ఒకాయన పాతసామాన్లు కొనేవాడు అడిగాడు, రెండేళ్ళ కిందట. అత్తయ్య చీపురు తిరగేసింది. నేను అమ్మాననుకుంటున్నారా? పోనీ మారిందే అనుకుందాం, మరి అసలుది ఎక్కడున్నట్టు? వెతుక్కోండి."

ఫ్రేముల షాపాయన గాజు కోస్తూ, తలెత్తకుండానే జవాబులిచ్చాడు. బొమ్మను అతను గోడ మీదే చూశాడు, విప్పలేదు. కాగితం పాతదని ఎవరైనా చెప్తారు. ఈ కాలంలో అంత దళసరి కాగితం దొరకదు.

"వెనక కాగితపు పట్టీ మీరు వేసిందేనా?"

"నేను గుడ్డపట్టీ వేస్తానండీ, మేకులు కొట్టి. తడిపి అంటించే జిగురు పట్టీతో మాకేం పని? అయినా ఇంతకీ అసలుది ఎవడు కొట్టేశాడంటారు?"

"అదే చూస్తున్నాం," అంది భూతద్దం.

డ్రాయింగు మాస్టారు ఉండేది పాత మేడలో మూడో అంతస్తు. వీళ్ళు మెట్ల దగ్గరకొచ్చేసరికి ముందు ఎవరో సన్నటి ముసలాయన రెండు చేతులా కూరగాయల సంచులతో ఎక్కిపోతున్నాడు. గుమాస్తా రెండో అంతస్తులో ఆగి రొప్పుకున్నాడు గానీ ఆయన ఆగలేదు. పైకెళ్ళి చూస్తే తాళం తీస్తున్నది ఆయనే. మాస్టారు.

గది నిండా వెలుతురు. వాలు బల్ల, దాని మీద తడిపి బిగించిన కాగితం, నాలుగంచులా గోధుమరంగు పట్టీ. కుంచెలు కడిగి, తలకిందులు కాకుండా గ్లాసులో నిలబెట్టి ఉన్నాయి. కుర్చీ ఒకటే ఉంది. దాన్ని భూతద్దానికిచ్చి ఆయన నిలబడ్డాడు. ఈ గదికి మనుషులు వచ్చి ఎన్నాళ్ళయిందో అని గుమాస్తాకు అనిపించింది. తన గది గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

"ఆపరేటరమ్మగారి బొమ్మ మారిందంటున్నారు, విన్నారా?" అంది భూతద్దం.

"విన్నాను. మేనల్లుడు ఫోన్ చేశాడు."

"మీరేమంటారు?"

"నేనేమంటానండీ." ఆయన పట్టీ అంచును గోటితో నొక్కుతూ నిలబడ్డాడు. "ఆవిడ కన్ను ఎలా ఉంది? నీరు కారుతోందా?"

"బాగానే ఉంది. సోమవారం ఆశ్రమానికి పంపుతున్నారు."

మాస్టారి చెయ్యి ఆగిపోయింది. "ఎవరు? ఎందుకు?"

"లేనిది ఉన్నట్టు చెప్తోందని."

ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకేమీ అడగలేదు. భూతద్దం లేచింది.

"రేపు సాయంత్రం ఆవిడ ఇంటికి అందరూ వస్తున్నారు. మీరూ రండి మాస్టారూ. మోకాళ్ళు సహకరిస్తేనే లెండి."

వీధిలోకి వచ్చాక గుమాస్తా ఉండబట్టలేక అడిగాడు. "ఆ మెట్లెక్కడం చూస్తే నొప్పులూ లేవు గిప్పులూ లేవు. అబద్ధం ఎందుకాడినట్టు మేడమ్?"

"అది చిన్న సంగతి. పొద్దున్నుంచీ మనం మాట్లాడినవాళ్ళలో, బొమ్మ మారిందనగానే మిగతావాళ్ళు అడిగి ఈయన అడగనిది ఏది?"

గుమాస్తా ఆలోచించాడు. ఆఫీసు చేరేదాకా ఆలోచించాడు. గదికి వెళ్ళి, ఒక్కడే అన్నం వండుకుని తింటూ కూడా ఆలోచించాడు. చెప్పడానికి పక్కన ఎవరూ లేకపోవడం ఆ రోజు మరీ ఎక్కువగా తెలిసింది.

*

మర్నాడు సాయంత్రం ముందుగది కిటకిటలాడింది. మేనల్లుడు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫ్రేముల షాపాయన గోడకు ఆనుకున్నాడు. అందరికన్నా ఆఖరున మాస్టారు వచ్చాడు, చంకలో పెద్ద అట్టల సంచీ పెట్టుకుని. తన కుర్చీలో కూర్చోలేదు. తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆపరేటరమ్మ నల్ల కళ్ళజోడు తీసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తీర్పు వినడానికి వచ్చిన మనిషిలా ఉంది.

"ముందు కన్ను సంగతి," అంది భూతద్దం. "డాక్టరు చెప్పింది నిజమే. శుక్లం తీస్తే రంగులు మారతాయి. కానీ తీసిన కంటికే మారతాయి. ఈమె ఎడమ కంట్లో శుక్లం అలాగే ఉంది. ఆ కంటికి కూజా ఎప్పట్లాగే మసిగా ఉంది. బొమ్మ మాత్రం ఆ కంటికీ ఎర్రబడింది. అంటే మారింది కన్ను కాదు."

మేనల్లుడు చేతులు విప్పాడు. "ఆవిడ అలా అనుకుంటోందంతే కదండీ! దానికి రుజువేంటి?"

"మంచి ప్రశ్న. ఇలా రండి." ఆమె బొమ్మను బల్ల మీదకు దించి మౌంటు అట్ట పైకెత్తింది. "దశాబ్దాలుగా ఈ బొమ్మ పడమటి కిటికీ ఎదురుగా ఉంది. ఎండ తగిలిన చోట రంగు పాలిపోవాలి, కాగితం ముదరాలి. అట్ట కింద దాగిన అంచు మాత్రం ఎప్పట్లా ఉండాలి. రెండింటికీ మధ్య గీత గీసినట్టు తేడా ఉండాలి. ఉందా?"

అందరూ వంగి చూశారు. గుమాస్తాకు నిన్న తను చూసీ చూడనిది ఇప్పుడు కళ్ళకు కట్టింది. తన మీద తనకే చికాకు వేసింది.

"లేదు," అన్నాడు ఫ్రేముల షాపాయన. "కానీ కాగితం పాతదే మేడమ్, ఒట్టు!"

"పాతదే. సొరుగులో చీకట్లో ఉండి, అంతా ఒకేలా ముదిరిన పాత కాగితం. దాని మీద కొత్త రంగు. అదీగాక, చూస్తూ నకలు తీసే దొంగ ఎవడైనా పాలిపోయిన గులాబీలను పాలిపోయినట్టే వేస్తాడు. లేకపోతే దొరికిపోతాడు కదా! వీటిని ఎర్రగా వేసినవాడికి, ఒకప్పుడు ఇవి ఎంత ఎర్రగా ఉండేవో తెలుసు. ఈ కాగితం దాచుకున్న మనిషి, బొమ్మ వేసినాయన దగ్గరే పనిచేసిన మనిషి. వెనక అట్టను నీటితో తడిపే పట్టీతో అంటించాడు. కాగితం బిగించుకునేవాళ్ళకి చేతికందే పట్టీ అది. ఫ్రేములవాళ్ళది కాదు. తాళం ఇద్దరి దగ్గరే ఉంది. అందులో ఒకరికి బొమ్మలు రావు."

ఆపరేటరమ్మ మెల్లగా తలుపు వైపు తిరిగింది.

"ఇంకొక్క మాట," అంది భూతద్దం, ఈసారి గొంతు తగ్గించి. "బొమ్మ మారిందనగానే అందరూ నన్ను అడిగింది ఒకటే, అసలుది ఎక్కడుంది, ఎవరు తీశారు అని. మీరు ఒక్కరే అడగలేదు మాస్టారూ. ఆవిడ కన్ను ఎలా ఉందని అడిగారు. అసలుది ఎక్కడుందో మీకు తెలుసు."

మాస్టారు లేచి నిలబడ్డాడు. అట్టల సంచీ విప్పి, లోపలున్న కాగితాన్ని నకలు పక్కన పరిచాడు. ఎడమ సగంలో గులాబీలు లేవు. ఎరుపు ఆకుల్లోకీ, పూలపాత్ర మీదకీ, ఊదా నీడల్లోకీ పాకి, మరకలు కట్టి ఎండిపోయింది. కుడి సగంలో పెన్సిలు గీతలు మాత్రం పదిలంగా ఉన్నాయి. సుడి తిరిగినచోట పరుగెత్తుతూ, కొసల్లో పల్చబడుతూ.

"ఆ రోజుల్లో దొరికే ఎరుపు వెలుతురికి నిలిచేది కాదు," అన్నాడాయన ఎవరి వైపూ చూడకుండా. "ఆవిడేమో తన కంటి మసక అనుకున్నారు. 'కొత్త కన్నుతో నాన్న ఎరుపు చూస్తాను మాస్టారూ' అని చిన్నపిల్లలా చెప్పారు. ఆపరేషనయ్యాక కూడా పాలిపోయే కనిపిస్తే ఏమైపోతారో అని... ఒక్క పల్చటి పూత చాలనుకున్నాను. కాగితంలో రంగును పాకనివ్వకుండా పట్టే జిగురు చచ్చిపోయిందని చూసుకోలేదు. పిల్లలకి ఏళ్ళ తరబడి నేర్పినవాణ్ణి, ముందు ఓ మూల చుక్క పెట్టి చూడాలని నేనే మర్చిపోయాను. వేసింది వేసినట్టే పాకిపోయింది. అద్దుడు కాగితంతో అద్దాను, ఇంకా పాడైంది. గురువుగారు నాకిచ్చిన కాగితం ఒకటి మిగిలుంటే దాని మీద మళ్ళీ వేశాను. చెబుదామనే అనుకున్నాను. మొదటి రోజు ఫోన్ చేసి, గులాబీలు చూశాను మాస్టారూ అని ఏడ్చారు. ఇంక నా నోరు లేవలేదు."

"నన్ను పిచ్చిదాన్నన్నారు," అంది ఆపరేటరమ్మ. "అప్పుడు?"

"రోజుకోసారి బయల్దేరాను. మీ వీధి మొగదాకా వచ్చి వెనక్కి పోయేవాణ్ణి."

మేనల్లుడు తల దించుకుని అత్త పక్కకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అత్తయ్యా, సోమవారం సంగతి మర్చిపో. ఇంటివాళ్ళకి నేను చెప్పుకుంటాను. తప్పయిపోయింది."

"నీదేముంది నాన్నా. నీకు తెలీదు," అని ఆవిడ వాడి తల మీద చెయ్యి వేసింది. నిజంగానే వాడి మీద కోపం లేదు. ఆవిడ చూపు మాస్టారి మీంచి కదల్లేదు. "అందరూ నన్ను అలా అంటుంటే మీక్కూడా అనిపించిందా మాస్టారూ? ఏమో, గీత చూసి నకలని పట్టలేదు, మతి తప్పే అలా అంటోందేమో అని?"

"లేదండీ," అన్నాడాయన వెంటనే. "మీరు ఒక్క చూపులో పట్టేస్తారని నాకు తెలుసు. అందుకే ఎదురుపడలేకపోయాను."

ఆపరేటరమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "లోకంలో నా కళ్ళని నమ్మినవాడు ఒక్కడున్నాడు. వాడు వీధి మొగలో నిలబడి నోరు మూసుకున్నాడు," అంది, కొంగుతో ఆపరేషనైన కన్ను తగలకుండా చెంపలు తుడుచుకుంటూ. "కాగితం పాడైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. మీరు పక్కన కూర్చుంటే అంత ఏడవను కూడా."

ఫ్రేముల షాపాయన మెల్లగా జారుకున్నాడు. మేనల్లుడు లేచి, ఇంటికి ఫోన్ చేసి వస్తానని కిందికి దిగాడు. గుమాస్తా గొడుగులు తీసుకున్నాడు. అతనికి మేడమ్‌ను మెచ్చుకోవాలని ఉంది గానీ ఆ గదిలో మెచ్చుకోలు నోటికి రాలేదు.

ఆవిడ మరకల కాగితాన్ని తనవైపు లాక్కుని, నకలును మాస్టారి వైపు జరిపింది. "ఇది మీరు పట్టుకెళ్ళండి. బాగుంది. నిజంగా బాగుంది. నా ఇంట్లో వద్దు."

ఆయన దాన్ని అట్టల సంచీలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటి, చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగాడు.

"ఆదివారం రానా?"

ఆవిడ రెండో కుర్చీ వైపు చూసింది.

"ఈ ఆదివారం వద్దు," అంది చివరకు. "పై ఆదివారం చూద్దాం."

ఆయన తలూపి, మెట్లు దిగడం మొదలుపెట్టాడు. భూతద్దం, గుమాస్తా వసారాలో పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆపరేటరమ్మ తలుపు రెక్క పట్టుకుని, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అవతలి గొంతు కోసం చెవి ఒగ్గినట్టు తల వంచి నిలబడింది. ఆ అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా ఆవిడ తలుపు వెయ్యలేదు.